తెల్లపూత శనివారం

మూడు వన్నెల ఇటుకల దగ్గర ఈ కథ ఆగి ఉన్నది. న్యూ గిలియడ్ బాప్టిస్టు చర్చిని ఆనుకొని ఉన్న ఆదివారపు బడి గోడ లోలోపల నెమ్ముతున్నదని తెలిసి, చర్చివాళ్ళందరూ ఏటా దానికి తెల్లపూత వేసే శనివారం పొద్దున, రంగులు వేసే క్లాడెల్ రాయ్‌స్టర్ దాని పాత పూతలను గీకి చూశాడు. పొర వెనుక పొరగా తెలుపు ఊడిపోగా, అడుగున ఒకటి నేరేడుపండు రంగుది, ఒకటి ఎర్రమన్ను రంగుది, మరొకటి పాలిపోయిన గులాబీ రంగుది, పక్కపక్కన పేర్చిన ఇటుకలు బయటపడ్డాయి. మా వెల్‌బర్న్ నగరంలో అటువంటి గోడలు ఒకే ఒక్క కట్టడానికి ఉండేవి. దాని పేరు బొంత హాలు. రహదారి వేయడానికి నగరపాలకులు దానిని నేలమట్టం చేసి ఒక తరం గడిచిపోయింది. దాని ఇటుకలన్నీ ఆ రహదారి అడుగునే పూడ్చిపెట్టారని మా పిల్లలకు సైతం తెలుసు. తెలుసునని మేమందరమూ అనుకున్నాము.

ఆ ఇటుకలను మొదట గుర్తుపట్టినది మిస్ ఆల్థియా ప్రిడ్జెన్. సన్యాసినుల బడిలో చదువుకొని, మా బడులలో చరిత్ర చెప్పి, పదవీ విరమణ తరువాత కూడా ఎదుటివారి వాక్యం పూర్తి అయ్యేదాకా రెప్ప వేయని మనిషి. ఆమె తల్లి లవీ ప్రిడ్జెన్ పొగాకు కంపెనీలో ఆకుల ఈనెలు వొలిచేది. బొంత హాలును కట్టుకున్నది ఆ ఈనెలు వొలిచే మా నల్లజాతి ఆడవాళ్ళే.

కంపెనీ తన రెండవ కర్మాగారాన్ని కడుతున్న రోజులలో, బట్టీలో మాడిపోయినవీ సరిగా కాలనివీ అయిన ఇటుకలను పనికిరానివని ఆవరణ వెనుక గుట్టగా పోయించేది. సాయంత్రం ఈల కూసిన తరువాత గేటు దగ్గర కాపలావాళ్ళు ప్రతి ఆడమనిషినీ ఆకు దొంగిలించిందేమోనని తడిమి చూసేవారు. ఏప్రాను జేబులో ఇటుక కనబడితే నవ్వి, పొమ్మనేవారు. అలా నవ్వించుకుంటూ, ఒక్కొక్క ఇటుకా మోసుకువచ్చి, వాళ్ళు పెటిఫోర్డ్ వీధిలో తమకంటూ ఒక హాలును లేపుకున్నారు. రంగు రంగు గుడ్డలు అతికిన బొంతలాగా ఉన్నదని దానికి ఆ పేరు వచ్చింది. చావుకూ పురుడుకూ ఆదుకునే వాళ్ళ సంఘం అక్కడే కూడేది. సమ్మె కట్టాలని తీర్మానించినదీ ఆ కప్పు కిందనే.

ఇప్పుడు పొగాకు వేలంపాట గిడ్డంగులు పడకగదులుగా మారాయి. ఒకప్పుడు ఈల కూసిన కర్మాగారంలో కాఫీ అమ్ముతున్నారు. రహదారి మింగగా మిగిలిన హాలు స్థలాన్ని కూడా అపార్టుమెంట్లు కట్టేవారికి అమ్మాలని నగరపాలక మండలి చూస్తున్నది. హాలును దాని మనుషుల సమ్మతి లేకుండా కూల్చారు గనుక ఆ నేలను తిరిగి ఇవ్వాలని సంఘపు వారసులు అర్జీ పెట్టారు. మంగళవారంనాడు విచారణ. అందరికంటె ముందు ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పవలసినది ఆల్థియా.

రహదారి కింద ఉండవలసిన ఇటుక చర్చి గోడలోకి ఎట్లా వచ్చింది?

“పాత ఇటుకలన్నీ ఒకలాగే ఉంటాయి సిస్టర్,” అన్నాడు చర్చి ధర్మకర్తల పెద్ద డీకన్ లెమ్యుయెల్ సాటర్‌వైట్, టోపీతో విసురుకుంటూ. “ఎండెక్కుతోంది. పూత కానిచ్చేద్దాం.”

“నేను తిరిగొచ్చేదాకా ఎవరూ కుంచె ముంచకండి,” అన్నది ఆల్థియా. ఆమె గొంతు పెంచలేదు. పెంచవలసిన అవసరం ఆమెకు జీవితంలో ఎప్పుడూ కలగలేదు.

ఆ గోడను కట్టించిన అప్పటి పాస్టరు రెవరెండ్ మెబేన్ ఏనాడో పరలోకం చేరాడు. కట్టించిన రోజులు తెలిసినవారిలో మిగిలినది ఆయన భార్య ఒక్కతే.

*

చర్చి అంతా తల్లిగా పిలుచుకునే మదర్ జెరూషా మెబేన్ తన ఇంటి వెనుక వసారాలో, ఒళ్ళో గిన్నె పెట్టుకొని చిక్కుడు గింజలు వొలుస్తున్నది. చూపు మందగించినా ఆమె వేళ్ళకు కాయ ఎక్కడ విచ్చుకుంటుందో తెలుసు. తెర తలుపు చప్పుడుకు తల ఎత్తలేదు.

“ఆల్థియావా? ఆ నడక నీదే. నేల నీకేదో అపకారం చేసినట్టు నడుస్తావ్.”

“అవును మదర్. నేనే.”

“కూర్చో. నీకు ఆ నన్నులు లాటినూ గీటినూ చెప్పారు గాని, పెద్దవాళ్ళింటికొస్తే ముందు కూర్చోవాలని చెప్పలేదల్లే ఉంది. ఫ్రిజ్‌లో టీ ఉంది. పంచదార ఎక్కువే పోశాను, డాక్టరుకి చెప్పకు.”

ఆల్థియా కూర్చున్నది. టీ తెచ్చుకోలేదు. కాయల బుట్టలోంచి ఒక గుప్పెడు తీసుకొని తాను కూడా వొలవడం మొదలుపెట్టింది. మా వాళ్ళలో ఖాళీ చేతులతో కూర్చొని పెద్ద మాట ఎత్తడం మర్యాద కాదు.

“చేపలు వేయించడం మొదలెట్టారా?” అడిగింది జెరూషా.

“నూనె పెట్టారు.”

“లెమ్యుయెల్ని నూనె దగ్గరికి రానివ్వకండి. పోయినేడు చేపల్ని బొగ్గు చేశాడు. ఆరాధన చేసినంత సేపు వేయిస్తాడు వెధవ.” ఆమె నవ్వింది. ఆల్థియా నవ్వలేదు. ఆ వృద్ధురాలు తల ఎత్తింది. “ఏంటే పిల్లా? ఎవరు పోయారు?”

“ఎవరూ పోలేదు. బడి గోడ నెమ్మెక్కింది. క్లాడెల్ గీకాడు.”

జెరూషా వేళ్ళు ఆగలేదు గాని నెమ్మదించాయి. కాయ విచ్చింది. గింజలు గిన్నెలో పడ్డాయి. తొక్క పక్కన పడింది.

“ఎంత మేర?”

ఆ ప్రశ్న విన్నంతనే ఆల్థియాకు తాను అడగదలచినదానికి సగం జవాబు వచ్చేసింది. గోడకు ఏమైందని అడగకుండా ఎంత మేర గీకారని అడిగిన మనిషికి, గీకితే ఏమి కనబడుతుందో తెలుసును.

“కిటికీ అంత మేర,” అన్నది. “మూడు రంగులూ కనిపిస్తున్నాయి. అవి బొంత హాలు ఇటుకలు, మదర్. కాదని మీరు అంటే నేను వెళ్ళిపోతాను.”

“అంటే నమ్ముతావా?”

“నమ్మను. కాని వెళ్ళిపోతాను.”

జెరూషా ఈసారి పెద్దగా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ దగ్గింది. “అచ్చం మీ అమ్మ నోరు. లవీ కూడా అంతే. పొమ్మంటే పోయేది, నమ్మమంటే నమ్మేది కాదు.” గిన్నెను ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టింది. “అవును. అవే. ఆ గోడ మొత్తం అవే. రెండో గోడ కూడా.”

వసారా బయట ఎండలో కీచురాళ్ళు ఒకే శ్రుతిలో అరుస్తున్నాయి. ఆల్థియా చేతిలోని కాయను వొలిచి, గింజలను గిన్నెలో వేసి, అప్పుడు మాట్లాడింది.

“నగరంవాళ్ళు వాటిని రోడ్డు కింద వేశారని ఇన్నేళ్ళూ నేను పిల్లలకు పాఠం చెప్పాను. ఆ ఆదివారపు బడిలోనే చెప్పాను. ఆ గోడకి వీపు ఆనించి నిలబడి.”

“తెలుసు. నేనూ వెనక బెంచీలో కూర్చుని విన్నాను. బాగా చెప్పేదానివి.”

“మదర్!”

“కోప్పడకు. చెప్తాను. చెప్పాలనే ఇన్నాళ్ళు బతికానేమో, దేవుడికి తెలియాలి. ఆ టీ తెచ్చుకో ముందు. గొంతు తడవకుండా వింటే మింగుడు పడదిది.”

ఆల్థియా లేచి రెండు గ్లాసులలో టీ పోసి తెచ్చింది. జెరూషా ఒక గుక్క తాగి, కనబడని పెరటి వైపు ముఖం తిప్పి చెప్పసాగింది.

“రోడ్డు వస్తుందన్నారు. కొత్త ఇళ్ళు ఇస్తాం, కొత్త కొట్లు ఇస్తాం అన్నారు. మనోళ్ళలో చదువుకున్నోళ్ళు కూడా నమ్మి ఆ రోడ్డుకి ఓట్లు వేశారు. పెటిఫోర్డ్ వీధి వాళ్ళు మాత్రం నమ్మలా. హాలు కదిలేదాకా మేం కదలం అన్నారు. క్షౌరశాల ఆయన, చేపల కొట్టాయన, ఆ క్లాడెల్ వాళ్ళమ్మమ్మ జెనోబియా, అందరూ ఒకటే మాట. హాలు నిలబడితే మేం నిలబడతాం.”

“అది నాకు తెలుసు.”

“నీకు తెలిసిందంతా అక్కడికే. నువ్వప్పుడు గ్రీన్స్‌బరోలో పాఠాలు చెప్పుకుంటున్నావ్. తర్వాత జరిగింది విను. రోడ్డోళ్ళు సంఘం వాళ్ళనీ, మా ఆయన్నీ నన్నూ లోపలి గదికి పిలిచారు. పేపరోళ్ళు లేరు, లాయర్లు లేరు. ఏమన్నారంటే, ‘మీరు ఒప్పుకున్నా కూలుస్తాం, ఒప్పుకోకపోయినా కూలుస్తాం. ఒప్పుకోకపోతే ఇటుకలు రోడ్డు అడుగున వేస్తాం. అభ్యంతరం లేదని నోటితో ఒక్క మాట అనండి, ఇటుకలన్నీ మీవే, పట్టుకుపోండి.’ అదీ బేరం.”

“రెవరెండ్ ఒప్పుకున్నారా?”

జెరూషా తల అడ్డంగా ఊపింది. చాలాసేపు ఊపింది.

“ఆయన వద్దన్నాడు. అందరూ అనుకునేంత గొప్పోడు కాదు మా ఆయన, అన్నం దగ్గర అలిగేవాడు, పాట ఎత్తితే శ్రుతి తప్పేవాడు. కాని ఆ రోజు మాత్రం వద్దన్నాడు. ఒప్పుకున్నది మీ అమ్మ.”

ఆల్థియా చేతిలోని గ్లాసు చెమర్చింది. ఆమె దానిని బల్ల మీద సరిగ్గా మధ్యలో పెట్టింది.

“సంఘానికి అధ్యక్షురాలు ఆవిడే కదా. లేచి నిలబడింది. ‘మా హాలుకి అభ్యంతరం లేదు’ అంది. రోడ్డు పెద్దమనిషి సంతోషంతో చేయి చాచాడు. లవీ ఆ చేయి ముట్టుకోలా. బయటికొచ్చాక నేను అడిగాను, ఇదేం పని చేశావు లవీ అని. ‘నేను మోసుకొచ్చిన ఇటుక మీద వాళ్ళ లారీ నడవడానికి వీల్లేదు జెరూషా, అది మన గోడలోనే ఉండాలి’ అంది. కంపెనీలో అప్పటికే ఈనెలు తీయడానికి మిషన్లు దించారు. సంఘంలో సగం మంది ముసలోళ్ళం. ఎలాగూ పోయేదే కదా, మనకి దక్కింది దక్కించుకుందాం అనుకుంది. నేనూ అదే అనుకున్నాను చివరికి.”

“ఇటుకలు ఎవరు తెచ్చారు?”

“మేమే. పగలే తెచ్చాం. ఊరి బయట మా అన్నయ్య పొగాకు కాల్చే బేరన్ దగ్గర దింపించి, చిన్న గొడ్డళ్ళతో అంటిన సున్నం రాలగొట్టి శుభ్రం చేశాం. పాత సున్నం కదా, చిన్న దెబ్బకి రాలిపోయేది. పాటలు కూడా పాడాం, ఈనెలు వొలిచేప్పుడు పాడినట్టు. పరాయి ఊరి మేస్త్రీలొచ్చి గోడ లేపారు. గోడ పూర్తయి రంగులు మూడూ ఎండలో మెరుస్తుంటే, అప్పుడు తెలిసింది మాకు మేమేం చేశామో.”

“పెటిఫోర్డ్ వీధి,” అన్నది ఆల్థియా.

“ఆఁ. మేం ఆ గదిలోంచి రాగానే రోడ్డోళ్ళు తిన్నగా ఆ వీధికెళ్ళారు. ప్రతి తలుపూ కొట్టి, ‘మీ హాలే వదిలేసుకుంది, మీరెందుకు పట్టుకు వేలాడతారు’ అన్నారు. వారం తిరక్కుండా వీధి వీధంతా విరిగిపోయింది. ఇచ్చింది పుచ్చుకుని పోయారు. జెనోబియా ఒక్కతే పోలా. సీజన్లో పొగాకు పనికొచ్చే వాళ్ళందరికీ కూడు పెట్టిన ఇల్లది. నీళ్ళు కోసేశారు. కరెంటు కోసేశారు. చివరికి షెరీఫ్ వచ్చి మంచం బయట పెట్టించాడు.” జెరూషా టీ గ్లాసును పక్కకు జరిపింది. “ఆ జెనోబియా ప్రతి ఆదివారం మన చర్చికే వస్తుంది కదే. ఆ గోడ చూస్తే? ఇటుకలు ఎలా వచ్చాయి అని అడిగితే? ఊరు వదిలినోళ్ళంతా తిరిగొచ్చే హోమ్‌కమింగ్ ఆదివారానికి ముందు శనివారం, తెల్ల రంగు తెచ్చి పూశాం. మొదటి కుంచె మీ అమ్మే పట్టింది. మళ్ళీ ఏడు ఇంకో పూత వేశాం. ఆ మళ్ళీ ఏడు కుర్రాళ్ళు, ‘మేం కూడా వేస్తాం’ అని సరదాగా వచ్చారు. ఎవరో చేపలు వేయించారు. అంతే, పండగైపోయింది.”

తెల్లపూత శనివారం ఎట్లా పుట్టిందని మా చర్చిలో అడిగితే, పవిత్రతకు గుర్తుగా పెద్దలు పెట్టిన ఆచారమని చెబుతారు. దూరపు ఊళ్ళలో స్థిరపడినవారు సైతం ఆ ఒక్క పూటకు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి, వాళ్ళ చిట్టి చేతులకు కుంచె ఇచ్చి ఫొటోలు తీసుకుంటారు. సిగ్గును కప్పడానికి వేసిన పూతను మేము సంబరంగా మార్చుకున్నాము. ఏటేటా మందం పెంచుకుంటూ పోయాము. చివరకు ఊపిరాడక గోడే నెమ్మెక్కి తన కథ చెప్పుకోవలసి వచ్చింది.

“మా ఆయన మత్తయి సువార్త ఎన్నిసార్లు బోధించాడు?” అడిగింది జెరూషా హఠాత్తుగా. “ఇరవైమూడో అధ్యాయం మీద ఒక్కసారైనా చెప్పాడా? గుర్తు తెచ్చుకో.”

ఆల్థియా గుర్తు తెచ్చుకున్నది. పైకి తెల్లగా ఉండి లోపల కుళ్ళు నిండిన, సున్నము కొట్టిన సమాధుల అధ్యాయం అది. ఎన్నడూ చెప్పలేదు.

“అమ్మ నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పమన్నాను. చచ్చేముందు కూడా చెప్పమన్నాను.” జెరూషా తడుముకొని ఆల్థియా మణికట్టు పట్టుకున్నది. “‘ఆల్థియాకి చెబితే అర్థం చేసుకోదు, తీర్పు చెబుతుంది’ అంది.”

ఆల్థియా మణికట్టు లాక్కోలేదు. కాని ఆ చేతి పట్టుకు లొంగనూ లేదు.

“అర్థమైంది మదర్,” అన్నది చివరకు. “నేనా గదిలో ఉంటే ఏమనేదాన్నో నాకు తెలియదు. ఆవిడ పరిస్థితి నాకర్థమైంది. అర్థమైనాక కూడా జెనోబియా మంచం వీధిలోనే ఉంది కదా.”

“అదిగో. తీర్పు.”

“తీర్పే.”

“అయితే ఇది కూడా విను.” జెరూషా స్వరం గట్టిపడింది. ఇప్పుడు ఆమె గొంతులో చర్చి తల్లి వినిపించింది. “ఆ గదిలో ఉన్నవాళ్ళు అందరూ పోయారు. నగరంవాళ్ళ దగ్గర ఏ కాగితమూ లేదు, నోటి మాటే కనక. నేనొక్కదాన్ని మిగిలాను, నేను ఎవరికీ చెప్పను. మంగళవారం నువ్వు, ‘మా సమ్మతి లేకుండా కూల్చారు’ అను. గెలుస్తాం. ఆ నేల వస్తుంది. అక్కడ హాలు మళ్ళీ లేపండి, ఈనెలు వొలిచిన ప్రతి ఆడదాని పేరూ రాతి మీద చెక్కించండి. నన్ను పాతిపెట్టాక ఈ నిజం ఏం చేసుకుంటావో చేసుకో. నగరంవాళ్ళు మననేం తక్కువ మోసం చేశారా? ఒక్క మాట దాస్తే వాళ్ళకి అన్యాయం జరిగిపోతుందా?”

“వాళ్ళకి జరగదు,” అన్నది ఆల్థియా లేస్తూ. “రాతి మీద పేర్లు చెక్కిస్తాం, సరే. వీధి పోగొట్టుకున్నవాళ్ళ పేర్లు దేని మీద చెక్కించాలి? నగరం మనకి చేసిందానికి న్యాయం అడగడానికి వెళ్తున్నాను మదర్. మనం చేసింది జేబులో పెట్టుకుని వెళ్ళలేను.”

“అర్జీ పోతుందే!”

“పోవచ్చు. మన మాట వాళ్ళు మెడ మీద కత్తి పెట్టి అనిపించారు. అది కూడా చెప్తాను. అది విని కూడా వాళ్ళు నేల ఇవ్వకపోతే ఆ సిగ్గు వాళ్ళది. దాచి తెచ్చుకుంటే మనది.”

జెరూషా గిన్నెను మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నది. వేళ్ళు కాయ కోసం వెతికాయి.

“లవీ సరిగ్గానే చెప్పింది నీ గురించి,” అన్నది. అది నిందో మెచ్చుకోలో ఆ ముఖంలో చదవడానికి వీలు కాలేదు.

*

చర్చి పెరటిలో బల్లలు వేసి ఉన్నాయి. నూనెలో చేపలు వేగుతున్నాయి. బంగాళాదుంపల సలాడు మీద ఎవరో తడిగుడ్డ కప్పారు. తెల్ల రంగు బాల్చీలు వరుసగా గోడ వెంబడి ఉన్నాయి గాని ఒక్కటీ తెరవలేదు. ఆల్థియా మాట కాదని కుంచె ముంచేవారు మా చర్చిలో లేరు. ఆమె రావడం చూసి డీకన్ సాటర్‌వైట్ ఎదురు నడిచాడు.

“ఏమంది మదర్? కానిద్దామా?”

“లెమ్యుయెల్, ఇవి ఎక్కడివో నీకు తెలుసా?”

డీకన్ టోపీ తల మీద పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు. “మా నాన్న ఒకసారి ఏదో అన్నాడు. నేనడగలేదు. అడగనిదాన్ని నేను ఎరగనట్టే లెక్క.” గొంతు తగ్గించాడు. “సిస్టర్, దయచేసి. మంగళవారం దాకా. ఆ తర్వాత మీరు గోడంతా గీకించుకోండి, నేనే నిచ్చెన పట్టుకుంటాను.”

ఆల్థియా అతన్ని దాటి గోడ దగ్గరకు వెళ్ళింది. గీకిన మేర ఎండ పడుతున్నది. అక్కడ క్లాడెల్ గీకుడు కత్తిని తొడకు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. నలభై దాటిన మనిషి. తెల్లవారినప్పటినుంచి పనిచేసి మోచేతుల దాకా తెల్లని పొడి అంటింది. పెటిఫోర్డ్ వీధిలో జెనోబియా రాయ్‌స్టర్ ఇంట్లో పుట్టి, ఆ మంచం వీధిలో పెట్టిన నాటికి బడికి వెళ్ళే వయసులో ఉన్నవాడు.

“మిస్ ఆల్థియా, ఏంటో చెప్పండి,” అన్నాడతను. “చేపలు చల్లారిపోతున్నాయని మా ఆవిడ సణుగుతోంది.”

“నీకు విడిగా చెప్పాలా, అందరి ముందు చెప్పాలా?”

అతని చిరునవ్వు మెల్లగా తగ్గింది. “నాకెందుకు విడిగా?”

“నీకు ముందు చెప్పాలి కనక.”

“అందరి ముందే చెప్పండి.”

ఆమె చెప్పింది. తరగతి గదిలో చెప్పినట్టు, ఒకదాని తరువాత ఒకటి, ఏదీ పెంచకుండా, ఏదీ తగ్గించకుండా చెప్పింది. లోపలి గదిని గురించి చెప్పింది. బేరం గురించి చెప్పింది. “మా హాలుకి అభ్యంతరం లేదు” అన్న మాటను చెప్పింది. ఆ మాట అన్నది ఎవరో చెప్పేటప్పుడు, “అధ్యక్షురాలు” అని తప్పించుకోలేదు. “మా అమ్మ, లవీ ప్రిడ్జెన్” అన్నది. ఆ తరువాత వీధిలో ఏమి జరిగిందో చెప్పింది. తెలుపు ఎందుకు పూశారో చెప్పింది. నూనె దగ్గరి ఆడవాళ్ళు మంట తగ్గించారు. ఎవరో “యేసయ్యా” అన్నారు. పిల్లలు మాత్రం కుంచెలతో కత్తియుద్ధం ఆడుకుంటూనే ఉన్నారు.

క్లాడెల్ తల వంచుకొని విన్నాడు. ఆమె ముగించాక గోడను అరచేతితో ఒకసారి తడిమాడు.

“మా అమ్మమ్మ చివరిదాకా ఏమనేదో తెలుసా?” అన్నాడు. “‘పాపం హాలుని వెన్నుపోటు పొడిచారురా ఆ నగరమోళ్ళు, లేకపోతే మనం నిలబడేవాళ్ళం’ అనేది. తన ఇంటి కోసం ఎప్పుడూ ఏడవలా. హాలు కోసం ఏడ్చేది. పిన్నిగారి వెనక గదిలో పడుకుని హాలు కోసం ఏడ్చేది, మిస్ ఆల్థియా.”

“నాకు తెలియదు.”

“మీ అమ్మకి తెలుసు. ఆవిడే కదా ఆదివారాలు మా అమ్మమ్మకి కేకు పంపేది.”

ఆల్థియా అతని అరచేయి ఆనిన ఇటుకలను చూసింది.

“ఇంక చాలు,” అన్నాడు డీకన్, ఇద్దరి మధ్యకు వచ్చి. అతని కళ్ళలో నీళ్ళున్నాయి, గొంతులో కోపమున్నది. “పెద్దదానివని ఊరుకున్నాను సిస్టర్. మన అర్జీని మన పెరట్లోనే చంపేశావ్. ఇప్పుడే లాయరమ్మకి ఫోన్ చేస్తాను. మంగళవారం సాక్షుల్లో నీ పేరు ఉండదు. మన తరఫున మాట్లాడేందుకు మన చర్చిలో ఇంకా నోళ్ళున్నాయి.”

“చెయ్యి లెమ్యుయెల్,” అన్నది ఆల్థియా.

“చెయ్యండి డీకన్,” అన్నాడు క్లాడెల్ కూడా. “ఆవిడ పేరు మీరు కొట్టేయించండి. నేను రాయించుకుంటాను.”

“నువ్వా? నీకేం పని అక్కడ?”

“నగరం మీద మీకు అర్జీ ఉంది కదా. నగరం మీదా మీ మీదా కలిపి నాకుంది. పెటిఫోర్డ్ వీధిలో పుట్టినోళ్ళం ఇంకా చాలామందిమి బతికే ఉన్నాం. మంగళవారం మేం కూడా వస్తాం.” అతను గీకుడు కత్తిని కిటికీ గట్టు మీద పెట్టి ఆల్థియా వైపు తిరిగాడు. ఆ చూపులో ద్వేషం లేదు. స్నేహం కూడా లేదు. “ఇప్పుడు చెప్పినట్టే అక్కడ చెప్తారా? మీ అమ్మ పేరుతో సహా? మీ చర్చికి ఎదురు నిలబడి?”

ఆల్థియా పెరటిలోని ముఖాలను చూసింది. వాటిలో ఆమె చదువు చెప్పని ముఖం ఒక్కటీ లేదు. కొందరు కళ్ళు దించుకున్నారు. కొందరు దించుకోలేదు.

“చెప్తాను,” అన్నది. “కాని నాతో నీకు పని జరగదు క్లాడెల్. నేను ఆ గదిలో లేను. నేను విన్నదాన్ని మాత్రమే. వినికిడి మాటని నగరం లాయరు ఒక్క ఊపులో కొట్టిపారేస్తాడు. ఆ గదిలో ఉండి చూసినావిడని నువ్వు పిలవాలి.”

“చూసినవాళ్ళంతా పోయారు కదా?”

“ఒకావిడ ఉంది. ఎవరికీ చెప్పనని నాతో అంది. మంగళవారంనాడు ఆవిడ చేత బైబిలు మీద చెయ్యి వేయించి అడగాలి.”

డీకన్ సాటర్‌వైట్ ముఖం పాలిపోయింది. ఆమె ఎవరి పేరు చెప్పబోతున్నదో అతనికి అర్థమైంది. చర్చికి తల్లి అని మేము మొక్కే మనిషిని, ఆమె భర్త కట్టించిన గోడ మీద, ఆమె కన్నబిడ్డల్లాంటి మా అందరికీ వ్యతిరేకంగా సాక్ష్యానికి ఈడ్చబోతున్నది ఆల్థియా ప్రిడ్జెన్.

“వద్దు సిస్టర్,” అన్నాడతను. “ఆవిడ తట్టుకోలేదు.”

“జెనోబియా తట్టుకుంది,” అన్నది ఆల్థియా. క్లాడెల్ వైపు తిరిగింది. “పద. టీ ఇంకా మిగిలే ఉంటుంది. ఈసారి నువ్వే అడుగు.”